పేపరులో కిటికీలు

ఫిబ్రవరి 5, సోమవారం

రోజుకు నాలుగు వరుసలు రాస్తే చేతికి వాటం వస్తుందని కళ్ళద్దాల టీచరమ్మ ఈ పుస్తకం ఇచ్చింది. పోయిన ఏటి హాజరు పుస్తకం, వెనక సగం ఖాళీ. నేను చూడను, మీరు ఎవరికీ చూపించక్కర్లేదు అంది. నేను చదివింది నాలుగో తరగతి, అదీ సగంలో మానేశాను. ఒత్తులు మరిచిపోలేదు గానీ ఎక్కడ పెట్టాలో చెయ్యి కాసేపు ఆలోచిస్తుంది.

ఈ బళ్ళో ఆయమ్మగా పదకొండేళ్ళు ఊడ్చాను. మా పాప పోయాక రెండు నెలలు పనికి వెళ్ళలేదు. తిరిగి వెళ్తే పెద్ద టీచరమ్మ చీపురు వేరేవాళ్ళకిచ్చి నన్ను సామాన్ల గదిలో కూర్చోబెట్టింది. ఆ గదిలో గ్లోబు, పూసల చట్రం, అక్షరాల అట్టలు, ఒక చెయ్యి ఊడిపోయిన ఎముకల బొమ్మ ఉంటాయి. వాటి దుమ్ము దులపడం, పేపర్లు విడదీసి అట్టలకు గుచ్చడం నా పని. నీడపట్టున పని. ఎవరూ జాలిగా చూడరు. ఎముకల బొమ్మ అసలు చూడదు.

నాలుగు వరుసలు దాటిపోయాయి.

ఫిబ్రవరి 6

ఈరోజు పేపర్లో రెండు వార్తలు కోశాను.

ఫిబ్రవరి 8, గురువారం

పేపర్లు మాకు ఒకరోజు ఆలస్యంగా వస్తాయి. బ్యాంకుది, మందుల షాపుది, టీకొట్టుది. మూడూ ఒకటే పేపరు. వాళ్ళు చదివేశాక బ్యాంకు అటెండరు పోగుచేసి తెచ్చి నా బల్ల మీద పెడతాడు. “నిన్నటి లోకం ఇదిగో అక్కా” అంటాడు. రోజూ అదే మాట. రోజూ నాకు నవ్వొస్తుంది.

అయిదో తరగతికి మూడో పీరియడు వార్తలది. పాఠం పుస్తకం తెరిస్తే ఆవులించే పిల్లలు పేపరంటే మీద పడతారు. టీచరమ్మ ఆరు అట్టలు చేయించింది. ఎవరు, ఏమిటి, ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు, ఎలా. రంగులు నేనే వేశాను. గుంపుకు ఒక పేజీ ఇస్తారు. ఏ అట్ట చేతిలో ఉంటే ఆ ప్రశ్న అడిగి, జవాబు మీద వేలు పెట్టి చూపించాలి. జవాబు లేకపోతే లేదని చెప్పాలి. లేదని కనిపెట్టడం కూడా చదవడమే అంటుంది టీచరమ్మ.

‘ఎవరు’ అట్ట కోసం కొట్లాట. ‘ఎప్పుడు’ ఎవరికీ వద్దు. అది చివరికి బొంగరానికే మిగులుతుంది. ఇస్త్రీ బండి ముసలమ్మ మనవరాలు ఇది. కుదురుగా కూర్చోదు గనక ఆ పేరు. నాలుగేళ్ళుగా చివరి బెంచీలో ఉంది, అక్షరం అంటే ఆమడ దూరం. కానీ ఏ ఇంటివి ఎన్ని చొక్కాలు, ఏ తారీఖున ఇచ్చెయ్యాలి అన్నది అమ్మమ్మ బండి దగ్గర దానికి కంఠతా. అందుకని పేపర్లో తారీఖు దొరికితే గబుక్కున పట్టుకుంటుంది. పట్టుకుని, దాని చుట్టూ ఉన్న మాటల్ని ఒక్కొక్కటే లాగుతుంది, బావిలోంచి చేద లాగినట్టు. ఈరోజు ‘వంతెన’ అని చదివింది. చదివి, తనే చదివిందా అని వెనక్కి తిరిగి చూసింది.

పీరియడు చివర టీచరమ్మ ఒక సంగతి చెప్పింది. ఆరో తరగతి నుంచి తిండీ బట్టా వాళ్ళే ఇచ్చే హాస్టల్ బడి ఉందట. దాని పరీక్షకు ఫారం ఈ నెలలో ఒకరోజు పేపర్లో పడుతుందట. ముందు ఎవరు కనిపెడితే వాళ్ళకు పెన్సిల్ డబ్బా. అప్పటినుంచి పిల్లలు పేజీలు తెగ తిప్పుతున్నారు.

పేపరు పిల్లల చేతికి వెళ్ళకముందు నేను ఒకసారి చూస్తాను. రోడ్డు మీద పోయినవాళ్ళ వార్తలుంటే కోసేస్తాను. నాకెవరూ చెప్పలేదు. పిల్లలు చిన్నవాళ్ళు, భయపడతారు.

ఫిబ్రవరి 9

మా ఆయన దర్జీ. గుడ్డలు కోసే కత్తెరను కాగితానికి వాడకూడదని మా ఇంట్లో శాసనం. కాగితం కోస్తే పదును చచ్చిపోతుంది. బళ్ళో కత్తెరలు పిల్లలవి, కోయవు, నములుతాయి. అందుకని ఆయన పాత కత్తెర ఒకటి సంచిలో వేసుకుని వెళ్తున్నాను.

ఈరోజు దొరికిపోయాను. రెండు రెక్కల మధ్య చిన్న కాగితం ముక్క ఇరుక్కుని ఉంది. ఆయన దాన్ని గోటితో తీసి కళ్ళ దగ్గర పెట్టుకుని చూశాడు. ఏం కోస్తున్నావు అని అడిగితే చెప్పాను. పిల్లలు భయపడతారని కూడా చెప్పాను.

“భయపడేది పిల్లలేనా?” అన్నాడు. అని మిషను తొక్కడం మొదలుపెట్టాడు.

నేను ఆ కత్తెర తుడిచి మళ్ళీ సంచిలో వేసుకున్నాను.

ఫిబ్రవరి 10, శనివారం

అయిదో పేజీ కింద మూలన. బండి మీద వెళ్తున్న పిల్ల. ఇరవై రెండేళ్ళు. మూడు పేపర్లలోనూ కోశాను. ముక్కలు ఎప్పటిలాగే పాప బట్టల పెట్టెలో పెట్టాను. పారెయ్యబుద్ధి కాదు. ఎవరి పిల్లలో.

ఫిబ్రవరి 12, సోమవారం

ఈరోజు పట్టుబడతాననుకున్నాను. కవలలు ఉన్నారు, ఆటో నడిపే అతని కొడుకులు. ఒకడు పేజీలో నేను కోసిన సందులోంచి రెండోవాడిని తొంగి చూస్తున్నాడు. టీచరమ్మ పేజీ నా దగ్గరకు తెచ్చి, ఆయమ్మా ఈ కిటికీ ఏమిటి అని అడిగింది. పిల్లలు చూడకూడని ప్రకటన టీచరమ్మా అన్నాను. అబద్ధం అంత నున్నగా వస్తుందని నాకే తెలియదు.

ఆవిడ నమ్మింది. నమ్మి ఊరుకుందా, దాన్ని కూడా పాఠం చేసేసింది. ఈ కిటికీలో ఏ వార్త ఉండి ఉంటుందో ఊహించి రెండు వరుసలు రాయమంది. ఒకడు దొంగతనం చెయ్యడానికి దూరిన ఇంట్లో నిద్రపోయిన దొంగ గురించి రాశాడు. బొంగరం చాలాసేపు పెన్సిలు నమిలి, ‘ఇరవయ్యో తారీఖున వాన పడును. బట్టలు బయట ఆరవేయరాదు’ అని రాసింది. తరగతంతా నవ్వితే అది కూడా నవ్వింది. అక్షరాలు మాత్రం అన్నీ సరిగ్గా ఉన్నాయి. దాని జన్మలో అది రాసిన మొదటి రెండు వాక్యాలు అవి అని టీచరమ్మ నా చెవిలో చెప్పింది.

నేను సామాన్ల గదికి వచ్చి గ్లోబు తుడిచాను. తుడిచిందే తుడిచాను.

టీచరమ్మ రేపటినుంచి మూడు వారాలు సెలవు. కూతురి పురుడు.

ఫిబ్రవరి 14

వార్తల పీరియడు డ్రిల్లు మాస్టారికి ఇచ్చారు. ఆయనకు పేపరంటే చివరి పేజీ, ఆటలది. సరిగ్గా చదివినవాళ్ళు సంతోషంతో అయిదు గంతులెయ్యాలట. తప్పు చదివినవాళ్ళు బుద్ధి రావడానికి అయిదు గంతులెయ్యాలట. బొంగరానికి ఇంతకంటే మంచి చదువు లోకంలో లేదు.

ఫిబ్రవరి 15

టీచరమ్మ కూతురికి ఆడపిల్ల పుట్టిందట. చల్లగా ఉండాలి.

ఫిబ్రవరి 16, శుక్రవారం

ఇస్త్రీ ముసలమ్మ బడికి వచ్చింది. పెద్ద టీచరమ్మ లేకపోతే నా గదిలోకి వచ్చి కూర్చుంది. ఎముకల బొమ్మను చూసి, ఇదెవరు, నాకంటే బక్కగా ఉంది అంది. కుడి మణికట్టు వాచి ఉంది.

సంగతేమిటంటే ఎండాకాలం సెలవులతో మనవరాలి చదువు ఆపేస్తుందట. తల్లీ తండ్రీ లేని పిల్ల, తనకేమో ఇస్త్రీ పెట్టె ఎత్తే ఓపిక పోయింది. పక్క వీధి హైస్కూలుకు పంపితే పగలంతా బండి దగ్గర నిలబడేదెవరు అంది. హాస్టల్ బడి గురించి ఫారం పడుతుందని నేను చెప్పాను.

“అన్నం వాళ్ళే పెడితే పంపుతానమ్మా. నా ఒక్కదాని పొట్టకు ఎడం చేత్తో రుద్దుకున్నా సరిపోతుంది. అది రాకపోతే మాత్రం జూన్ నుంచి పెట్టె దాని చేతికే.”

వాకిట్లో నిలబడి వింటున్న బొంగరం, ఫారం నేనే కనిపెడతా అంది. కనిపెడితే నీకే మంచిది, నాకు పోయేదేముంది అని ముసలమ్మ లేచి వెళ్ళింది. మాట కరుకుగానీ వెళ్తూ వెళ్తూ దాని జడ బిగించి వెళ్ళింది.

ఫిబ్రవరి 19, సోమవారం

బొంగరం పొద్దునే సామాన్ల గదికి వస్తోంది, నాకంటే ముందే. అటెండరు పేపర్లు పెట్టగానే మూడూ తిరగేస్తుంది. ఇప్పుడు తారీఖులే కాదు, పెద్ద అక్షరాలన్నీ చదివేస్తోంది. నాకు రాని మాట దానికి, దానికి రాని మాట నాకు వస్తే ఇద్దరం గట్టెక్కుతాం. ‘శంకుస్థాపన’ దగ్గర ఇద్దరం మునిగిపోయాం. డ్రిల్లు మాస్టారిని అడిగితే ఆయన, అది మన సిలబస్‌లో లేదు అన్నాడు.

అది పక్కన కూర్చుంటే కోయడానికి కుదరడం లేదు. దాన్ని నీళ్ళకు పంపించి కోస్తున్నాను.

ఫారం ఇంకా పడలేదు. నేను కూడా వెతుకుతున్నాను. ప్రతి పేజీ చూస్తున్నాను.

ఫిబ్రవరి 21, బుధవారం

అటెండరు పేపర్లు పెడుతూ, నిన్న మా అక్క కూతురి హాస్టల్ బడి ఫారం ఇచ్చేసి వచ్చానక్కా, ఎల్లుండి శుక్రవారంతో ఆఖరు, మీ పిల్లలవి ఇచ్చేశారా అన్నాడు. ఏ రోజు పేపర్లో పడింది అని అడిగాను. తొమ్మిదో తారీఖు పేపరు, ఆరో పేజీ అన్నాడు.

తొమ్మిదో తారీఖు పేపరు మాకు పదిన వచ్చింది. పాత పేపర్ల దొంతరలో దాన్ని తీశాను. అయిదో పేజీలో నా కిటికీ. తిప్పాను. ఆరో పేజీలో అదే కిటికీ. చుట్టూ గళ్ళు, చుక్కలు. పైన ఏం రాసి ఉందో లేదు, తారీఖు లేదు, బడి పేరు లేదు. ఒకదాంట్లో కవలలు పెన్సిలుతో చుక్కలాట ఆడుకున్నారు.

ఇన్నాళ్ళుగా పిల్లలు వెతుకుతున్నది ఇదే.

అదే రోజు, దీపాలు పెట్టే వేళ

పాప పెట్టె తెరిచాను. ముక్కలు మొత్తం ముప్పై ఆరు. ఆ మూడూ దొరికాయి. ఇంతకాలంలో ఒక్క ముక్కనైనా వెనక్కి తిప్పి చూడలేదు. ఇప్పుడు తిప్పితే, ‘వసతి పాఠశాల ప్రవేశ పరీక్ష’ అని లావు అక్షరాల్లో ఉంది. ఫోటో అంటించే గడి ఉంది. కింద సన్నగా, ‘పత్రికలోని ఈ ఫారమునే కత్తిరించి పంపవలెను. నకలు చెల్లదు’ అని ఉంది.

ముక్కను పేజీలో పెట్టి చూశాను. అంచుకు అంచు అతికినట్టు కూర్చుంది. మంచి కత్తెర.

ఆయనకు చూపించాను. ముక్కను వెనకా ముందూ తిప్పి చూశాడు. తర్వాత రేపు ఇంకో పేపరు దొరుకుతుందేమో చూద్దాంలే అన్నాడు. దొరికితే బాగుండు. దొరికితే ఎవరికీ చెప్పక్కర్లేదు. పిల్లల కోసమే కదా కోశాను.

ఫిబ్రవరి 22, గురువారం

ఆయన పొద్దునే మిషను కట్టేసి వీధి వీధి తిరిగాడు. మంగలి షాపు, దవాఖానా, సైకిళ్ళ కొట్టు. పదమూడు రోజుల కిందటి పేపరు ఎవరుంచుకుంటారు. పాత కాగితాలవాడు మొన్ననే ఎత్తుకుపోయాడట. ఒకచోట మాత్రం దొరికింది, కానీ అయిదో పేజీలో అద్దాలు చుట్టి పంపేశారట. ఆయన చేతులు ఊపుకుంటూ బడి గేటు దగ్గరికి వచ్చి నిలబడ్డప్పుడే తెలిసిపోయింది.

పెద్ద టీచరమ్మ దగ్గరికి వెళ్ళి మూడు పేజీలూ, మూడు ముక్కలూ బల్ల మీద పెట్టాను. ఎందుకు కోశానో చెప్పబోయాను. ఆవిడ ముక్క తిప్పి వార్త చూసి ఇంక అడగలేదు. అడక్కపోవడం తిట్టిన దానికంటే బరువుగా ఉంది. హాస్టల్ బడికి వెళ్ళాలనుకునేది మొత్తం ముగ్గురే, కవలలూ బొంగరమూ. ఫారాలూ మూడే. ఇందులో ఒక్కటి చెల్లకపోయినా ఒకరు ఆగిపోతారు.

మధ్యాహ్నమంతా అతికించాం. నేను జిగురు పూశాను, డ్రిల్లు మాస్టారు రబ్బరు పట్టుకుని చుక్కలాట చెరిపాడు. చెరుపుతూ, వీడు ఓడిపోయాడు చూడండి, అయినా గెలిచానని రాసుకున్నాడు అన్నాడు. ఆయన ఎందుకని ఒక్క మాట అడగలేదు. పెద్ద టీచరమ్మ, ఫారాలు పొరపాటున చిరిగినవి, దయచేసి తీసుకోవలెను అని ఉత్తరం రాసి ముద్ర వేసింది. రేపు ఆఫీసులో ఇది చూపించండి చాలు, ఇంకేం మాట్లాడొద్దు అంది.

బొంగరం తన ఫారం తనే నింపింది. పుట్టిన తారీఖు దగ్గర ఆగకుండా రాసింది. జిగురు వేసిన గీతను వేలితో తడిమి నా మొహం చూసింది. దానికి అర్థమైంది. నీళ్ళకు పంపించిన రోజులన్నీ దానికి గుర్తుకొచ్చి ఉంటాయి.

ఫిబ్రవరి 23, శుక్రవారం

కవలల నాన్న ఆటోలో అందరం వెళ్ళాం. ముగ్గురు పిల్లలు, ముసలమ్మ, నేను. ముసలమ్మ మంచి చీర కట్టుకుంది. ఇస్త్రీ లేదు. అదేమిటంటే, డాక్టరు తన ఒంటికి మందు వేసుకుంటాడా అంది.

ఆఫీసులో వరస పెద్దది. మా వంతు వచ్చేసరికి పన్నెండున్నర. గుమాస్తా చెవి మీద పెన్ను పెట్టుకుని ఉన్నాడు. ఉత్తరం చదివాడు. ఫారాన్ని వెలుతురుకు పట్టి చూశాడు. రెండోది చూశాడు, మూడోది చూశాడు. మూడూ ఒకదాని మీద ఒకటి పెట్టి చూశాడు.

“చిరిగినవి అని రాశారు. చిరిగితే ఇలా ఉంటుందామ్మా? మూడూ ఒకేలా, గీత గీసినట్టున్నాయి. కత్తెరతో కోశారు. కోసి ఏదో మార్చి అతికించారని పైవాళ్ళు నన్ను అడుగుతారు. నేనేం చెప్పను?”

తీసుకోలేనని మూడూ వెనక్కి తోశాడు. కవలల నాన్న బతిమాలాడు. ముసలమ్మ బొంగరం చెయ్యి పట్టుకుని వరసలోంచి పక్కకు జరిగింది. పదవే, బండి ఎండలో ఉంది అంది. ఆ మాట నా చెవుల్లో పడ్డాక ఉత్తరం సంగతి, పెద్ద టీచరమ్మ చెప్పిన సంగతి అన్నీ పక్కకు పోయాయి.

నేనే కోశాను బాబూ అన్నాను.

గుమాస్తా నన్ను పైనుంచి కిందికి చూశాడు. అయితే ఎవరు, ఎందుకు కోశారో రాసి సంతకం పెట్టండి, ఫారాలకు గుచ్చుతాను, అది చాలుతుందా లేదా అన్నది పైవాళ్ళ ఇష్టం అని తెల్లకాగితం ఇచ్చాడు. ఒంటిగంటకు కౌంటరు మూసేస్తానన్నాడు.

పక్కన బెంచీ మీద కూర్చున్నాను. ఇంతవరకు నా జన్మలో ఒక ఆఫీసుకు కాగితం రాయలేదు. ఈ పుస్తకం లేకపోతే ఈరోజు కూడా వేలిముద్రే. ఇలా రాశాను:

‘నేను బడిలో ఆయమ్మను. ఈ మూడు ఫారములు నేనే కత్తిరించాను. పిల్లలకు తెలియదు. వెనక లారీ ప్రమాదం వార్త ఉంది. అది చూడలేక కత్తిరించాను. నా కూతురు కూడా అట్లాగే పోయింది. ఏమీ మార్చలేదు.’

‘పిల్లలు భయపడతారని’ అని రాయబోయి ‘చూడలేక’ అని రాశాను. గుమాస్తా కాగితం మీద అబద్ధం రాయకూడదని కాదు. చెయ్యి అలాగే వెళ్ళింది.

బొంగరం నా భుజం మీదుగా చదువుతోంది. పెదాలు కదుపుతూ, వేలు పెట్టి. చివరిదాకా చదివింది.

“ఎవరు ఉంది. ఏమిటి ఉంది. ఎందుకు ఉంది. ఎప్పుడు లేదు ఆయమ్మా.”

ఫిబ్రవరి 10 అని రాశాను, కోసిన రోజు.

“అది కాదు. మీ పాపది.”

చుట్టూ జనం. టైపు చప్పుళ్ళు. ఏడు నెలలుగా ఆ తారీఖు నేను నోటితో అనలేదు, చేత్తో రాయలేదు. క్యాలెండర్లో జూలై కాగితం ఎవరు చింపారో కూడా నాకు తెలియదు. బొంగరం ఎదురుచూస్తోంది, జాలితో కాదు, టీచరమ్మ ముందు నిలబడి జవాబు కోసం ఎదురుచూసినట్టు. జవాబు దొరకకపోతే లేదని చెప్పేస్తుంది. ఉన్నదాన్ని లేదని ఎలా చెప్పనివ్వను.

రాశాను. జూలై 11, మంగళవారం, పొద్దున ఎనిమిదింపావు.

“ఎక్కడ?”

పాల డిపో మలుపు దగ్గర. అది కూడా రాశాను. సంతకం పెట్టాను. బొంగరమే కాగితం తీసుకెళ్ళి గుమాస్తాకు ఇచ్చింది. అతను చూస్తుంటే ఊరుకోకుండా, కౌంటరు చెక్క పట్టుకుని మునివేళ్ళ మీద లేచి నిలబడి, తలకిందులుగా ఉన్న కాగితాన్ని గట్టిగా చదివి వినిపించింది. ఎక్కడా ఆగలేదు. వరసలో ఉన్నవాళ్ళు కబుర్లు ఆపారు.

గుమాస్తా ఫారం వెనక్కి తిప్పి ఆ వార్త చదివాడు. మీ పాప ఏం చేసేదమ్మా అని అడిగాడు. ఆసుపత్రిలో చీటీలు ఇచ్చేది అన్నాను. పేరు రాసేటప్పుడు అందరినీ మీరు మీరు అనేది, చంటిపిల్లల్ని కూడా అన్నాను. ఇది ఎందుకు చెప్పానో. అతను చెవి మీద పెన్ను తీసి నా కాగితం కింద రెండు మాటలు రాశాడు. మూడింటికీ ముద్ర వేశాడు.

“ఈసారి కత్తెర పెట్టే ముందు వెనక పేజీ కూడా చూడండమ్మా.”

చూస్తాను బాబూ అన్నాను. ఆటోలో ముసలమ్మ నా చెయ్యి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది, ఇల్లు వచ్చేదాకా. వాచిన చేత్తోనే.

ఫిబ్రవరి 24

ఆయన కాగితానికని వేరే కత్తెర కొనుక్కొచ్చి పిడికి ఎర్ర గుడ్డ చుట్టి ఇచ్చాడు. గుడ్డ పాప చున్నీలోది.

ఫిబ్రవరి 27

ఈరోజు ఒకటి ఉంది. కోయలేదు. ఆ పేజీ దొంతర అడుగున పెట్టాను. అంతే చేతనైంది.

మార్చి 4, సోమవారం

టీచరమ్మ వచ్చింది. నేను ఎదురెళ్ళి మొత్తం చెప్పేశాను, ప్రకటనలు అని చెప్పిన అబద్ధంతో సహా. ఆవిడ కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. తప్పు నాది కూడా, ఫారం సంగతి ఎవరికైనా అప్పజెప్పి వెళ్ళాల్సింది, పెన్సిల్ డబ్బా మీద వదిలేసి వెళ్ళాను అంది. తర్వాత ఇలా అంది: మీరు చూడలేనిది ఉంటే పేజీ మడిచి నాకివ్వండి ఆయమ్మా, కొయ్యొద్దు. ఒక్కరే మొయ్యొద్దు.

ఫోనులో మనవరాలి ఫోటో చూపించింది. చూడగలనో లేదో అనుకున్నాను. చూశాను. ముక్కు అచ్చం టీచరమ్మదే, కళ్ళద్దాలొక్కటే తక్కువ. అలా అంటే ఆవిడ పడీ పడీ నవ్వింది.

పెన్సిల్ డబ్బా ఎవరికివ్వాలని పెద్ద పేచీ వచ్చింది. ఫారం కనిపెట్టింది ఆయమ్మే గదా అన్నాడు కవలల్లో ఒకడు. దాచింది కూడా ఆయమ్మే గదా అన్నాడు రెండోవాడు. చివరికి డబ్బా సామాన్ల గదిలో ఉంచాలని, అందరూ వాడుకోవాలని తీర్పయింది.

మార్చి 12

పరీక్ష చీటీలు వచ్చాయి. ముగ్గురివీ. బొంగరానిది తపాలా అతను బండి దగ్గరే ఇచ్చాడట. మడతలు పడి ఉందని ముసలమ్మ దాన్ని తడిగుడ్డ కింద పెట్టి ఇస్త్రీ చేసేసింది. అచ్చు చెదరలేదు, దేవుడు చల్లగా చూశాడు. అప్పడంలాగా ఉంది చీటీ. బొంగరం దాన్ని రెండు చేతులతో పట్టుకుని బడికి నడిచొచ్చింది. పరిగెత్తకుండా రావడం అదే మొదటిసారి.

సీటు వస్తుందో రాదో పరీక్ష చెప్పాలి. ఈసారి ముసలమ్మ, రాకపోతే పక్క వీధి బడి ఎక్కడికి పోయింది, పొద్దునా సాయంత్రం బండి దగ్గర నిలబడితే చాలదా అంది. నేను విననట్టు ఊరుకున్నాను. విన్నానని తెలిస్తే మాట మార్చుకునే రకం.

మార్చి 15, శుక్రవారం

మూడో పేజీలో ఉంది. లారీ, సైకిలు మీద వెళ్తున్న ఒక ముసలాయన. టీచరమ్మకు మడిచి ఇవ్వడానికి లేచాను. తలుపు దాకా వెళ్ళాను. వెనక్కి వచ్చి అట్టకు గుచ్చేశాను. గుచ్చి, పీరియడు అవుతుంటే వెళ్ళి చివరి బెంచీలో కూర్చున్నాను. టీచరమ్మ నా వైపు చూసింది. ఫరవాలేదన్నట్టు తల ఊపాను.

పిల్లలు భయపడలేదు. అట్టలు పంచుకున్నారు. ఎవరు అంటే పేరు చదివారు. ఎక్కడ అంటే ఊరు చదివారు. ఎందుకు అన్న అట్ట కవలల్లో ఒకడి దగ్గర ఉంది. వాడు వార్తంతా రెండుసార్లు చూసి, లారీ వేగంగా వచ్చిందని రాశారు గానీ ఎందుకంత తొందరో రాయలేదు టీచర్ అన్నాడు. అవును రాయలేదు అంది టీచరమ్మ. ఆయనకు ఇంట్లో ఎవరున్నారో కూడా రాయలేదు అన్నాడు ఇంకొకడు. నేను బెంచీ మీంచి లేవలేదు. చివరి వరుస దాకా విన్నాను.

తర్వాత వాళ్ళు పేజీ తిప్పారు. వెనక నాలుగో పేజీ. ఒక ఊళ్ళో మేక తాలూకా ఆఫీసులోకి దూరి దరఖాస్తులు తినేసిందట. మొదటి వాక్యానికే తరగతి గొల్లుమంది. బొంగరం ‘ఎప్పుడు’ అట్ట ఎత్తి పట్టుకుని, మంగళవారం మధ్యాహ్నం, భోజనాల వేళ అని చదివింది. అందరి కంటే ముందు నవ్వింది నేనే అని టీచరమ్మ తర్వాత చెప్పింది. నాకు తెలియదు. మేక ఎన్ని దరఖాస్తులు తిన్నదో పేపరువాళ్ళు రాయలేదని నేను చివరి బెంచీలోంచి చెయ్యెత్తి చెప్పాను.